ఎదురు రాని మామ్మ

బుధవారం ఉదయం ఏడున్నరకి నేరేడ్‌మెట్‌లోని పైడిబాబు ఇంట్లో హాలు మధ్యన రెండు సూట్‌కేసులు నోళ్లు తెరుచుకుని పడున్నాయి. వాటి పక్కన పైడిబాబు గొంతుక్కూర్చుని, కళ్లజోడు ముక్కు మీదకి దించుకుని, దబ్బనంలోకి పురికొస ఎక్కిస్తున్నాడు. ఆయన సికింద్రాబాద్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా క్లర్కు. గోనెగుడ్డ చుట్టి, నాలుగు పక్కలా కుట్టి, నాలుగు పక్కలా పేరు రాయని సరుకు క్షేమంగా చేరుతుందంటే చచ్చినా నమ్మడు. కూతురు పెట్టెలు ఐర్లాండ్ దాకా వెళ్లాలి. మరి వాటినెలా నమ్ముతాడు?

"నాన్నా, నీకు దండం పెడతా. గోనెగుడ్డ మాత్రం వద్దు," అంది లోవలక్ష్మి నిజంగానే దండం పెట్టి. "ఎయిర్‌పోర్ట్‌లో అందరూ నన్నే చూస్తారు."

"చూస్తే మంచిదే కదమ్మా. అందరూ చూస్తున్న పెట్టెని ఎవడూ ఎత్తుకుపోడు."

వంటింట్లోంచి కల్పలత గొంతు ఖంగుమంది. "ఏందండీ, పొద్దుగాల్నే షురూ చేసిన్రా? పిల్ల చదువుకోనీకి పోతుందా, బస్తాల్ల కట్టుకొని పోతుందా? ఆ దబ్బనం జెర పక్కన పెట్టుండ్రి."

కల్పలత రెజిమెంటల్ బజార్‌లో పుట్టి పెరిగిన మనిషి. పైడిబాబుది అనకాపల్లి వైపు. వాళ్ల పెళ్లి ఎలా కుదిరిందన్నది వేరే కథ. దాని ఫలితంగా ఆ ఇంట్లో రెండు యాసలు కాపురం చేస్తున్నాయి. లోవలక్ష్మికి మామ్మ 'బేగి రా' అన్నా అర్థమవుతుంది, అమ్మ 'జల్ది రా' అన్నా అర్థమవుతుంది. రెండింటికీ ఆలస్యంగా రావడం కూడా వచ్చు.

శనివారం సాయంత్రం విమానం. ఇంక మూడు రోజులు. లోవలక్ష్మి ఫోన్లో ఇప్పుడు రెండు గడియారాలు నడుస్తున్నాయి, ఒకటి ఇక్కడిది, ఒకటి కార్క్ అనే ఊరిది. రోజూ లేవగానే అక్కడ వాన పడుతోందా లేదా అని చూసుకుంటుంది. పడుతూనే ఉంటుంది. అయినా సాయంత్రం మళ్లీ చూసుకుంటుంది. ఫుడ్ సైన్సులో ఎమ్మెస్సీ. నిజానికి పోయిన ఏడాదే వెళ్లాల్సింది. వీసా రాలేదు. నాచారంలో ఒక బిస్కెట్ కంపెనీ ల్యాబ్‌లో ఏడాది పాటు పిండిలో తేమ కొలుస్తూ గడిపింది. ఈ ఏడు మళ్లీ అప్లై చేస్తే, రెండు వారాల క్రితం వీసా వచ్చింది. పోయినసారి ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే మాత్రం ఆమె మాట మార్చేస్తుంది. అలా మార్చడానికి ఒక కారణముంది. అక్కడికి తర్వాత వద్దాం.

ఇంటిల్లిపాదీ ఇంత హడావుడిగా ఉంటే, ఒక్క మనిషి మాత్రం అంటీముట్టనట్టుంది. మామ్మ గవరమ్మ. లోవలక్ష్మికి ఏడాది నిండకుండానే తాత పోలరాజు పోతే, మామ్మ ఊరు వదిలి వీళ్ల దగ్గరికొచ్చేసింది. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకి పోతే, పిల్లని స్నానం నుంచి స్కూలు బస్సు దాకా చూసుకున్నది ఆవిడే. తమ వైపు దేవత లోవతల్లి పేరు పట్టుబట్టి పెట్టించిందీ ఆవిడే. పదో తరగతి పరీక్షలకి రోజూ సెంటర్ దాకా వచ్చి, చెట్టు కింద మూడు గంటలు కూర్చునేది. అలాంటి మామ్మ వీసా వచ్చిందన్న రోజున "సరే" అని దేవుడి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఈ ఏడు ఇంగ్లీషు పరీక్ష మళ్లీ రాయడానికి వెళ్లే రోజు కంటికి కనబడలేదు. ఈసారి వీసా సెంటర్‌కి బయల్దేరుతూ "మామ్మా, వెళ్లొస్తా" అని కేకేస్తే, బాత్రూంలోంచి కుళాయి చప్పుడు తప్ప జవాబు లేదు. లోవలక్ష్మి మనసులో అది ముల్లులా గుచ్చుకుని ఉంది.

ఆ ముల్లు ఆ ఉదయం ఇంకొంచెం లోపలికి దిగింది. గదిలోంచి మామ్మ ఉతికిన తెల్లచీరతో, చేతిలో గుడ్డసంచితో బయటికొచ్చింది.

"పైడీ, నన్ను కాప్రాలో దింపీరా," అంది కొడుకుతో. "దుర్గ రమ్మంటంది. పది దినాలుండొచ్చేత్తాను."

పైడిబాబు చేతిలో దబ్బనం ఆగిపోయింది. దుర్గ ఆయన చెల్లెలు. ఊళ్లోనే ఉంటుంది, రమ్మంటే ఏ రోజైనా వెళ్లొచ్చు. "ఏటమ్మా నువ్వనేది? శనివారం పిల్ల ప్రయాణం."

"తెలుసు."

"తెలిసే పోతానంటున్నరా అత్తమ్మా?" కల్పలత గరిటె పట్టుకునే వచ్చేసింది. "మా అమ్మానాయినలొస్తున్నరు, వాడకట్టోళ్లంత వస్తున్నరు. పెంచినోళ్లు మీరు, మీరే లేకుంటే ఎట్ల? ఇంట్ల ఎవరన్న ఏమన్న అన్నరా?"

"నన్నెవులేటంటారమ్మా? దుర్గకి ఒంట్లో బాగునేదు."

"నిన్న రాత్రే అత్తతో మాట్లాడాను. షటిల్ ఆడొచ్చానంది," అంది లోవలక్ష్మి.

గవరమ్మ అబద్ధమాడటంలో ఎప్పుడూ ఫస్టుక్లాసు కాదు. సంచీ పట్టుకుని నేలవైపు చూస్తూ నిలబడింది. అది చూసేసరికి లోవలక్ష్మి ఏడాదిగా దాచుకున్న ఉక్రోషమంతా కక్కేసింది.

"నేను వెళ్లడం నీకిష్టం లేదు. అంతే కదా మామ్మా? ఆ మాట చెప్పేయొచ్చుగా. పరీక్ష రోజు లేవు, వీసా రోజు లేవు, ఇప్పుడు ఎక్కించడానికి కూడా ఉండవు. అందరూ నాకోసం పరిగెడుతుంటే నువ్వొక్కదానివే మొహం చాటేస్తున్నావు. పోయినసారి వీసా రానప్పుడు లోపల్లోపల సంతోషపడ్డావేమో కూడా!"

"లోవా!" అన్నాడు పైడిబాబు. ఆ గొంతు ఆ ఇంట్లో ఎప్పుడూ వినబడలేదు.

మాట జారాక వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. గవరమ్మ మనవరాలి మొహంలోకి ఒకసారి చూసింది.

"అలగే అనుకోమ్మా," అంది నెమ్మదిగా. "సల్లగా ఎల్లిరా. అది సాలు నాకు."

అని, కొడుకు బండి తీసేదాకా కూడా ఆగకుండా, వెనక గుమ్మంలోంచి సందులోకి దిగిపోయింది. ముందు గుమ్మం ఉండగా వెనకనుంచి ఎందుకెళ్లిందో ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు.

మర్నాడు లోవలక్ష్మి రెజిమెంటల్ బజార్ వెళ్లింది, అమ్మమ్మ కమలాబాయికీ తాత సదాశివకీ చెప్పి రావడానికి. శనివారం వాళ్లెలాగూ వస్తారు. కానీ విడిగా వెళ్లి కాళ్లకి మొక్కకపోతే కమలాబాయి ఊరుకోదు. ఇరుకు సందు, కింద గిన్నెల కొట్టు, పైన ఇల్లు. మెట్లెక్కుతుండగానే సర్వపిండి కాలుతున్న వాసన ఎదురొచ్చింది.

"రా బిడ్డా, రా. ఏందీ, మొఖం గిట్ల చిన్నగ చేస్కున్నవ్?" అంది కమలాబాయి.

"ఏం లేదమ్మమ్మా."

"ఏం లేనోళ్ల మొఖం అట్లుండదు," అన్నాడు సదాశివ పేపర్ వెనకనుంచి. "ఐర్లాండ్ల వానలు షురూ అయినయంట. నువ్వు గీడనే షురూ చెయ్యకు."

లోవలక్ష్మి నవ్వబోయింది. నవ్వు రాలేదు. కమలాబాయి పళ్లెంలో వేడివేడి సర్వపిండి ముక్క పెట్టి, పక్కన కూర్చుంది. "శనివారం ఒంటిగంటకల్ల వచ్చేస్తం. నువ్వు రెండింటికి గడప దాటాలె కద. నేను గేటు కాడ చెంబు నిండ నీళ్లు పట్టుకొని తయారుగుంట. మీ మామ్మ పదిసార్లు ఫోన్ చేసి చెప్పింది. 'వదినె, కుడిచేత్తోని పట్టుకో, నిండ పసుపు రాస్కో, పూలు పెట్టుకో, జెర నవ్వుకుంట ఎదురు రా' అని. నా పెండ్లప్పుడు సుత నాకెవ్వలు గిన్ని చెప్పలే."

లోవలక్ష్మి చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. "మామ్మ చెప్పిందా? తను కాప్రా వెళ్లిపోయింది కదా?"

"గందుకే పోయింది పిచ్చిపిల్లా." కమలాబాయి భర్తవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "చెప్పొద్దని ఒట్టేపించుకున్నది. కానీ నువ్వు మామ్మ మీద మనసు ఖరాబ్ చేస్కొని పోతే ఆ పాపం నాకెందుకు? మీ అమ్మ నిన్న ఫోన్ల అంత చెప్పింది. పోయినేడు నువ్వు వీసాకు పోయిన రోజు యాదుందా? పాలప్యాకెట్లు పట్టుకొని గేట్ల నీకెదురొచ్చిందంట మీ మామ్మ. భర్త పోయిన ఆడది ఎదురొచ్చింది, గందుకే నీ వీసా తప్పిపోయిందని ఆమె మనసుల పడ్డది. ఏడాది సంది గదే తక్లీఫ్. పొద్దుగాల ముందటి గడప దాటుతలేదు. కొడుకు డ్యూటీకి పోయేటప్పుడు సుత అర్రల్నించి బయటికి రాదు. నాతోని ఫోన్ల ఏడ్చింది బిడ్డా. 'నా మనవరాలి ఏడాది నానే తినేసినాను వదినా' అన్నది."

కింద కొట్లో ఎవరో గిన్నె మీద పేరు చెక్కిస్తున్నారు. టకటకమని ఆ చప్పుడు ఆగకుండా వినబడుతోంది. లోవలక్ష్మికి మాత్రం ఒక్క మాటే చెవుల్లో నిలిచిపోయింది. నా మనవరాలి ఏడాది నానే తినేసినాను.

ఇప్పుడు చెప్పుకోవాల్సిన సంగతి చెప్పుకుందాం. పోయిన ఏడాది వీసా ఎందుకు రాలేదో లోవలక్ష్మికి తెలుసు. ఆమెకొక్కదానికే తెలుసు. యూనివర్సిటీవాళ్లు ముందు షరతుల ఉత్తరం ఒకటి ఇస్తారు, ఫలానా మార్కులొస్తే సీటిస్తామని. మార్కులొచ్చాక అసలు ఉత్తరం ఇస్తారు. దరఖాస్తుతో పెట్టాల్సింది ఆ రెండోది. ఈమె పెట్టింది మొదటిది. అసలుది ఆమె టేబుల్ మీద, ఓ పుస్తకం కింద హాయిగా పడుకుని ఉంది. వీసావాళ్లు ఆ మాటే స్పష్టంగా రాసి పంపారు.

ఆ కాగితాలన్నీ వరుసలో పెట్టడానికి పైడిబాబు రెండు రోజులు సెలవు పెట్టాడు. ప్రతి కాగితానికీ నంబరు వేశాడు. "ఒకసారి సరి చూస్తానమ్మా, ఇలా ఇవ్వు" అని పదిసార్లు అడిగాడు. "అన్నీ పెట్టాను నాన్నా, ప్రతిదానికీ నీ పార్సిల్ ఆఫీసేనా?" అని విసుక్కుంది. అంత విసుక్కున్నాక తప్పు తనదేనని ఏ మొహంతో చెప్పడం? "కారణమేం రాయలేదు. ఎందుకు రిజెక్ట్ చేశారో వాళ్లకే తెలియాలి" అంది. చిన్న అబద్ధం. ఎవరికీ నష్టం లేని అబద్ధం అనుకుంది. ఆ అబద్ధం ఖాళీగా వదిలిన చోట్లోకి మామ్మ వెళ్లి నిలబడిందని ఆమెకి తెలియదు.

"తింటలేవేందే?" అంది కమలాబాయి.

"అమ్మమ్మా, నేను కాప్రా వెళ్లాలి," అని లేచింది లోవలక్ష్మి. కళ్లనిండా నీళ్లు. కమలాబాయి సర్వపిండి డబ్బాలో పెట్టి, "మామ్మకు సుత ఇయ్యి" అంది.

కాప్రాలో దుర్గ ఇంటి వెనక మెట్ల మీద కూర్చుని గవరమ్మ మునగాకు దూస్తోంది. మనవరాలిని చూడగానే కంగారుగా లేచింది. "ఏటే? ఒంటరిగా ఇలగొచ్చినావేటి? ఏటైనాది?"

లోవలక్ష్మి ఆవిడ కాళ్ల దగ్గర మెట్టు మీద కూలబడింది. దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. "మామ్మా, పోయినసారి వీసా నీ వల్ల పోలేదు. నా వల్ల పోయింది. పెట్టాల్సిన ఉత్తరం పెట్టకుండా వేరేది పెట్టాను. వాళ్లు రాశారు కూడా. నేనే దాచాను. నాన్న తిడతాడని... కాదు, నాన్న తిట్టడని దాచాను. తిడితే బాగుండేది."

దుర్గ టీ కప్పులతో గుమ్మంలోకి వచ్చి, వాళ్లని చూసి, చప్పుడు చేయకుండా లోపలికెళ్లిపోయింది.

గవరమ్మ చేతిలోని మునగరెమ్మ ఆకులన్నీ దూసేసినా ఇంకా దూస్తూనే ఉంది. "ఏడాది," అంది చివరికి. "ఏడాది పాటు నా కొడుకు డ్యూటీకెల్తంటే గుమ్మంలో నిలబడి సూడనేదే నాను. రోజూ కిటికీ సందులోంచి సూసీదాన్ని. బండి మలుపు తిరిగినాక గది తలుపు తీసీదాన్ని. మోకాలు నొప్పని సెప్పినాను. పైడి పాపం నూనెలు తెచ్చి మర్దనా సేసినాడు. బాగున్న మోకాలికి."

"నన్ను కొట్టు మామ్మా."

"కొడతానుండు." ఆకుల్లేని ఆ రెమ్మతోనే భుజం మీద ఒకటేసింది. దెబ్బ తగల్లేదు గానీ, లోవలక్ష్మి భోరుమని ఏడ్చింది. "నేను నిన్నెంత మాటన్నాను! సంతోషపడ్డావేమో అన్నాను!"

"అన్నావు. రేతిరంతా నిద్దర్నేదు నాకు." గవరమ్మ కొంగుతో మనవరాలి మొహం తుడిచి, అదే కొంగుతో తన కళ్లూ తుడుచుకుంది. తర్వాత వింతగా, పొట్ట కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది. "ఓలమ్మో! నా మూలంగా కాదన్నమాట. సూడు, ఎంత బరువు దిగిపోనాదో. నీ తెలివితక్కువతనానికి నాను ఇన్ని ఉపాసాలున్నానే గుంటా!"

ఇద్దరూ సర్వపిండి తిన్నారు. లోవలక్ష్మి ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని, "అయితే శనివారం నువ్వే ఎదురు రావాలి. అమ్మమ్మ వద్దు, ఎవరూ వద్దు" అంది.

"రాను," అంది గవరమ్మ తడుముకోకుండా.

"ఇంకా ఏంటి మామ్మా? నీ తప్పేం లేదని తేలిపోయిందిగా!"

"తేలింది. మనసు తేలికైనాది. అలగని ఎదురొత్తానా? మీ తాత పోయినకాడ్నుంచీ నాను తెలిసి ఎవులికీ ఎదురెల్లనేదు. నువ్వు సదువుకున్నదానివి, నీకు పట్టింపు నేదు. నాకున్నాది. రేపు ఆ దేశంలో నీకు జొరమొచ్చినా, కాలు జారి పడినా, ఇక్కడ నాకు తిండి సయించదు. నానెదురొచ్చినాను, అందుకే ఇలగైనాదని కుమిలిపోతాను. ఒక బరువు దించి ఇంకోటి ఎత్తుతావేటే?"

మూఢనమ్మకమని కొట్టిపారేయొచ్చు. అలా కొట్టిపారేసే మాటలు లోవలక్ష్మికి చాలా వచ్చు. కానీ ఈ మనిషి భయమంతా తన కాలు జారకూడదనేగా. ఆ భయంతో వాదించడం ఎలా? మెట్ల కింద కోడిపెట్టా, దాని పక్కన పిల్లా కలిసి నడుస్తున్నాయి. చూస్తూ చూస్తూ లోవలక్ష్మి లేచి కూర్చుంది.

"మామ్మా, ఎదురొస్తేనే కదా శకునం? నాతోపాటే లోపల్నుంచి బయటికి వస్తే?"

"ఏటీ?"

"ఇద్దరం ఒకేసారి గడప దాటుదాం. పక్కపక్కన. నాతో కారెక్కి ఎయిర్‌పోర్ట్‌కి వద్దువు. నువ్వు నాకు ఎదురు రావు, నేను నీకు ఎదురు రాను. ఇద్దరికీ అమ్మమ్మే ఎదురొస్తుంది."

గవరమ్మ కళ్లు చిన్నవి చేసి ఆలోచించింది. పెద్ద కేసు మీద తీర్పు చెప్పబోయే జడ్జి కూడా అంతసేపు ఆలోచించడు. "పక్కన నడిసినోల్ల గురించి పెద్దోల్లేటీ సెప్పినట్టు నేదు," అంది చివరికి, ఒప్పుకోక తప్పని గొంతుతో. "సరే. కానీ ముందు ఇంటికెల్లి మీ నాన్నకి నిజం సెప్పు. ఆడికి సెప్పకుండా నా పక్కన నడవనివ్వను."

ఆ సాయంత్రం హాల్లో, సూట్‌కేసుల మధ్యన, లోవలక్ష్మి అంతా చెప్పింది. కల్పలత గయ్యిమంది. "ఒక్క కాగితమా? ఒక్క కాగితానికి ఏడాది ఆగం చేస్కున్నవా? ఏడాది సంది ఎవరికి పడితే వాళ్లకు మొక్కుతున్న నేను! రేపట్నించి ఆ దేవుళ్లందరికి ఏమని చెప్పాలె?"

పైడిబాబు మార్కర్ పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాడు. తర్వాత, "ఈ ఉద్యోగానికి ముందు నేనొక లారీ ఆఫీసులో చేసేవాణ్ణి," అన్నాడు. "విజయవాడ పోవాల్సిన ఎండుచేపల బుట్టలు ఓసారి విజయనగరం లారీ ఎక్కించేశాను. తప్పు నాదని ఎవరికీ చెప్పలేదు. డ్రైవర్ మీదకి పోయింది. అప్పట్నుంచే ప్రతి పెట్టెకీ నాలుగు పక్కలా పేరు రాస్తాను."

"నాన్నా..."

"నీ తప్పు నాకర్థమైందమ్మా. నా తప్పే నాకర్థం కావట్లేదు." "మా అమ్మ ఏడాది పాటు నాకు కనబడకుండా దాక్కుంది. నేను రోజూ టిఫిన్ బాక్సు పట్టుకుని, ముందు గుమ్మంలోంచి వెళ్లిపోయాను. ఒక్కరోజైనా వెనక్కి తిరిగి ఆ గది తలుపు తట్టాను కాదు. మోకాలికి నూనె రాసి కొడుకు బాధ్యత తీరిపోయిందనుకున్నాను."

కల్పలత వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. శుక్రవారం పొద్దున్నే పైడిబాబు కాప్రా వెళ్లి తల్లిని బండి మీద తీసుకొచ్చాడు. దారిలో ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పలేదు. ఆవిడ దిగేటప్పటికి ఇద్దరి కళ్లూ ఎర్రగానే ఉన్నాయి.

శనివారం మధ్యాహ్నం రెండు గంటలు. గేటు బయట కార్లు రెండు సిద్ధంగా ఉన్నాయి. తల్లీకూతుళ్లు కలిసి పోరగా గోనెగుడ్డ తప్పింది గానీ, సూట్‌కేసులకి నాలుగు పక్కలా పేరూ ఊరూ మాత్రం తెల్లటి అక్షరాలతో మెరుస్తున్నాయి. గేటు దగ్గర కమలాబాయి కుడిచేత్తో చెంబు పట్టుకుని, చెప్పినంత పసుపూ చెప్పినన్ని పూలూ పెట్టుకుని, చెప్పినదానికన్నా ఎక్కువగా నవ్వుతోంది. "నీళ్లు సగం చీరె మీదనే పోస్కున్నవ్," అన్నాడు సదాశివ పక్కనుంచి.

తీరా బయల్దేరబోతే ముందు తలుపుకి ఒక రెక్కే తెరిచి ఉంది. ఇద్దరు పక్కపక్కన పట్టరు. "నువ్వెల్లు, ఎనకాల నానొత్తాను," అంది గవరమ్మ. లోవలక్ష్మి ఆవిడ చెయ్యి వదల్లేదు. పైడిబాబు ఒక్క ఉదుటున వచ్చి, ఏళ్లతరబడి తీయని రెండో రెక్క గడియని సుత్తితో కొట్టి ఊడదీశాడు. తుప్పు రాలింది. తలుపు బార్లా తెరుచుకుంది.

"కుడికాలు," అంది గవరమ్మ. రెండు కుడికాళ్లు ఒకేసారి గడప దాటాయి. కమలాబాయి ఎదురొచ్చింది. కల్పలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే, "జాగ్రత్త అత్తమ్మా, మెట్టున్నది" అంది. ఏడాది తర్వాత ముందు గుమ్మంలోంచి పగటి వెలుగులోకి వచ్చిన గవరమ్మ, వాకిట్లో నిలబడ్డవాళ్లందరినీ కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

ఎయిర్‌పోర్ట్‌లో లోపలికి వెళ్లేది ప్రయాణికులే. అద్దాల తలుపు దగ్గర అందరి కాళ్లకీ మొక్కడం అయింది, అందరి కౌగిళ్లూ అయ్యాయి. లోవలక్ష్మి పాస్‌పోర్టూ టికెట్టూ చూపించడానికి వరుసలోకి నడిచింది. నాలుగడుగులు వేసి తిరిగి చూసింది. అమ్మ నాన్న భుజానికి ఆనుకుని ఉంది. మామ్మ మాత్రం అందరి వెనక్కి జరిగి, ఓ స్తంభం పక్కన ఒదిగి నిలబడింది. వచ్చేపోయేవాళ్లలో ఎవరికీ ఎదురుపడకుండా. ఈ ఊళ్లోకొచ్చిన ఇరవై రెండేళ్లలో ఆవిడ ఎన్నిచోట్ల అలా ఒదిగి నిలబడిందో, తను ఒక్కసారైనా చూసిందా?

లోవలక్ష్మి ట్రాలీని అక్కడే వదిలేసి వెనక్కి నడిచింది.

"రాకే! ఎనక్కి రాకే! బయల్దేరినోల్లు ఎనక్కి రాకూడదు!" అని గవరమ్మ రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"వెనక్కి రావట్లేదు మామ్మా. నువ్విప్పుడు ఇంటికి బయల్దేరుతున్నావు కదా. నీకు ఎదురొస్తున్నాను." ఆమె తిన్నగా, నవ్వుతూ, కన్నీళ్లు కారుతుండగా, మామ్మ కళ్లలోకి చూస్తూ నడిచింది. "చెంబు లేదు, వాటర్ బాటిలుంది. సరిపోతుందా?"

గవరమ్మ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"సరిపోద్దే," అంది. "కన్నెపిల్ల ఎదురైతే సుబమే." "మీ తాత పోయినకాడ్నుంచీ నాకెవులూ ఎదురు రానేదే అమ్మా. నానెక్కడికెల్తానని వత్తారు?"

లోవలక్ష్మి ఆవిడని గట్టిగా పట్టుకుంది. వరుసలో వాళ్లు ఎవరో ట్రాలీ జరిపి దారి చేసుకున్నారు. పైడిబాబు మొహం అటు తిప్పుకున్నాడు. చివరికి గవరమ్మే ఆమెని వదిలించుకుని, భుజాలు పట్టి అద్దాల తలుపు వైపు తిప్పింది. "ఇంక బేగెల్లు. మల్లీ తిరిగినావంటే తంతాను."

లోపలికి వెళ్లాక లోవలక్ష్మి అద్దంలోంచి చూసింది. అందరూ కారు వైపు కదిలారు. ఎదురుగా సామాన్లతో, పిల్లలతో జనం వస్తూనే ఉన్నారు. గవరమ్మ ఈసారి పక్కకి తప్పుకోలేదు. తల ఎత్తుకుని, కొడుకూకోడళ్ల కన్నా నాలుగడుగులు ముందే నడుస్తోంది.